స్మోక్ డిటెక్టర్‌లో చెవి: గ్వాంటనామో లాయర్ల మీది పాత నింద

2001 సెప్టెంబర్ 11 దాడుల సూత్రధారిగా ఆరోపణలున్న, క్యూబాలోని అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో ఉన్న ఖాలిద్ షేక్ మొహమ్మద్‌తో పాటు మరో ఇద్దరితో కుదిరిన నేరాంగీకార ఒప్పందాన్ని వాషింగ్టన్ అప్పీల్ కోర్టు 2025 జులై 11న 2-1తో కొట్టేసింది. దాంతో పాత నింద మళ్లీ లేచింది: కేసు తేలకపోవడానికి డిఫెన్స్ లాయర్ల సాగదీతే కారణమని. జైలు ఎలా పుట్టిందో, సుప్రీంకోర్టు ఏమందో చాలాసార్లు చదువుకున్నదే. అసలు ముడి పడింది 2013లో.

ఆ జనవరి 28న లాయర్ మాట్లాడుతుండగానే కోర్టు హాల్లో ఎర్ర లైటు వెలిగి, గ్యాలరీకి శబ్దం ఆగిపోయింది. ఆపింది జడ్జి పోల్ కాదు, బయటివాళ్లు. ఇంకెవరి చేతిలోనో మీట ఉందన్న సంగతి ఆయనకే తెలియదు! కొద్ది రోజులకే ఇంకోటి బయటపడింది. ముద్దాయిలను లాయర్లు కలిసే గదిలో స్మోక్ డిటెక్టర్‌లా కనిపించేది నిజానికి మైకు. ఎవరూ వినలేదన్నారు అధికారులు. వినకపోయి ఉండొచ్చు. కానీ సీఐఏ రహస్య జైల్లో 183 సార్లు వాటర్‌బోర్డింగ్‌కు (నీళ్లు పోసి ఊపిరాడకుండా చేసే హింసకు) గురైన ఖాలిద్ లాంటి మనిషి, అదే ప్రభుత్వం జీతమిచ్చే లాయర్ని ఎందుకు నమ్మాలి? గోప్యత తప్ప ఆ లాయరు దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది?

2017లో ఇదే కథ మరో గ్వాంటనామో ఖైదీ నషిరీ కేసులో. 2000లో యెమెన్ రేవు ఏడెన్‌లో 17 మంది నావికులను బలిగొన్న అమెరికా యుద్ధనౌక కోల్‌పై దాడి కేసది. గదిలో మళ్లీ మైకు. పాతది, వాడుకలో లేదన్నది ప్రాసిక్యూషన్. ముగ్గురు సివిలియన్ లాయర్లు తప్పుకుంటామంటే చీఫ్ డిఫెన్స్ కౌన్సెల్ (డిఫెన్స్ లాయర్ల అధిపతి) బ్రిగేడియర్ జనరల్ బేకర్ ఒప్పుకున్నారు. జడ్జి స్పాత్ ఆయనకే కోర్టు ధిక్కారం కింద 21 రోజుల నిర్బంధం, వెయ్యి డాలర్ల జరిమానా వేశారు. ఉరి పడే అవకాశమున్న కేసులో ఇక మిగిలింది ఒక్క నౌకాదళ లెఫ్టినెంట్. అప్పటిదాకా ఒక్క హత్య కేసూ వాదించని మనిషి.

బేకర్ శిక్షను 2018లో ఫెడరల్ జడ్జి రద్దు చేశారు. 2019లో అప్పీల్ కోర్టు స్పాత్ ఇచ్చిన రెండేళ్లకు పైగా ఉత్తర్వులన్నింటినీ చెరిపేసింది. కేసు వింటూనే ఆయన, ఆ కేసు నడిపే ప్రభుత్వపు న్యాయశాఖలోనే ఇమిగ్రేషన్ జడ్జి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారు మరి. ఈ ఏళ్లను లాయర్ల పద్దులో ఎలా రాస్తాం?

ఖాలిద్ కేసులో 2024 జులై 31న ఉరి లేకుండా యావజ్జీవానికి ఒప్పందం కుదిరితే, అప్పటి రక్షణమంత్రి ఆస్టిన్ రెండు రోజుల్లో రద్దు చేశారు. బహిరంగ విచారణే కావాలన్న బాధిత కుటుంబాల కోరికలో న్యాయముంది. అయితే ఆ విచారణలో చూపాల్సిన వాంగ్మూలాల సంగతో? ఒప్పందంలో లేని, అదే కేసు ముద్దాయి అమ్మార్ అల్ బలూచీ, చిత్రహింసల తర్వాత ఎఫ్‌బీఐకి ఇచ్చిన వాంగ్మూలం చెల్లదని జడ్జి మెక్‌కాల్ 2025 ఏప్రిల్‌లోనే తేల్చేశారు.