రొయ్య మేతలో నూనె చేసే పని

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఉప్పునీళ్లలో పెరిగే రొయ్యకు మేతలో నూనె ఎందుకని అడిగారు. బలానికి అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అది సగం జవాబే. ముందు ఉప్పు సంగతి చూడాలి.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్నే 35 పీపీటీ అంటారు. వనామీ అనే రకం రొయ్య 2 పీపీటీలోనూ బతుకుతుంది, 40లోనూ బతుకుతుంది. అయితే దాని రక్తం సుమారు 25 పీపీటీ నీటితో సరితూగుతుంది. చుట్టూ నీళ్లు అంతకంటే చప్పగా ఉంటే నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. మరీ ఉప్పగా ఉంటే అంతా తారుమారు. ఎటైనా సరే, మొప్పల్లోని కణాలు రాత్రింబవళ్లు ఉప్పును తోడుతూనే ఉండాలి. తిన్న మేతలో కొంత ఒళ్లు పెరగడానికి కాకుండా ఇలా తోడడానికే ఖర్చయిపోతుంది.

ఉప్పు తోడే ఆ పంపులు బిగించి ఉండేది కణాల పొరలో. ఆ పొర కొవ్వుతో కట్టిందే! మేతలో ఏ నూనె వేస్తే అందులోని కొవ్వు ఆమ్లాలే కొంతవరకు పొరలోకి చేరతాయి. చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది కదా, అందులోని కొవ్వు ఆమ్లాల గొలుసులు తిన్నగా ఉండి, అగ్గిపుల్లల్లా దగ్గరగా సర్దుకోవడమే కారణం. చేప నూనెలో ఈపీఏ, డీహెచ్‌ఏ అనే పొడవాటి గొలుసులుంటాయి. వాటికి వంపులెక్కువ, అంత బిగువుగా సర్దుకోలేవు. అవి చేరిన పొర మెత్తగా ఉంటుంది, పంపులు సులువుగా ఆడతాయి. నీటి ఉప్పదనం రక్తానికి దూరంగా ఉన్నప్పుడు నూనె ఎంపిక మీద మరింత శ్రద్ధ పెట్టమనేది అందుకే.

సోయా నూనెలో సగం దాకా లినోలిక్ ఆమ్లం, అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లం. ఈ రెండు కొవ్వు ఆమ్లాలూ రొయ్యకు కావలసినవే. కానీ లినోలెనిక్‌ను సాగదీసి ఈపీఏ, డీహెచ్‌ఏలుగా మార్చుకునే శక్తి రొయ్యకు చాలా తక్కువ. చేప నూనెలో కొంత తీసేసి సోయా నూనె వేస్తే ఫరవాలేదు, అంతా తీసేస్తేనే ఎదుగుదల మందగిస్తుంది. మొత్తం మేతలో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి అర శాతం దగ్గర ఉండేలా చూసుకోవాలి. ఇవి సముద్రంలో మొదట తయారయ్యేది కంటికి కనిపించని సూక్ష్మజీవుల్లో, చేపకు వచ్చేదీ అక్కడినుంచే. స్కైజోకైట్రియం లాంటి వాటిని తొట్లలో పెంచి నేరుగా డీహెచ్‌ఏ తీయడం నాకు చాలా ఆశ కలిగించే మార్గం.

ఎక్కువ నూనె పోస్తే ఎక్కువ పెరుగుతుందని మాత్రం అనుకోవద్దు. మేతలో మొత్తం కొవ్వు 6 నుంచి 8 శాతం చాలు. 10 దాటితే శక్తి తొందరగా అందిపోయి రొయ్య మేత తగ్గించేస్తుంది, దాంతో మాంసకృత్తులూ తగ్గిపోతాయి. చేప పొడిలో ఎలాగూ కొంత కొవ్వుంటుంది కాబట్టి, 100 కిలోల మేతకు విడిగా కలిపే నూనె 2, 3 కిలోలు మించదు.

ఇంకొకటి, రొయ్య కొలెస్ట్రాల్‌ను సొంతంగా చేసుకోలేదు. గుల్ల విడవడానికి కావలసిన హార్మోను దాంతోనే తయారవుతుంది. మొక్కల నూనెల్లో కొలెస్ట్రాల్ లేనట్టే లెక్క. అందుకే చేప పొడి తగ్గించిన మేతలో 100 కిలోలకు 100 నుంచి 200 గ్రాముల కొలెస్ట్రాల్, కిలో పైచిలుకు లెసిథిన్ అనే కొవ్వు పదార్థం కలుపుతారు. కొవ్వును రక్తంలో మోసుకెళ్లడానికి లెసిథిన్ తోడ్పడుతుంది.

చేప నూనెకున్న గుణమే దాని బలహీనత కూడా. ఆ వంపుల దగ్గరే గాలి తగిలి నూనె కంపు పట్టిపోతుంది. కంపు పట్టిన నూనె మేతలోని విటమిన్ ఇ ని తినేస్తుంది, రొయ్య కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వెలుతురు చొరని డబ్బాలో అంచుదాకా నింపి, మూత బిగించి, చల్లని చోట ఉంచాలి. పాత రంగుడబ్బా వాసన వస్తే పారబోయడమే. అందులో తాజా నూనె కలిపి సరిపెట్టొద్దు, తాజాదీ చెడుతుంది.

మీరే పరీక్షించి చూడాలనుకుంటే ఆరు తొట్లు తీసుకోండి. మూడింటికి ఒక నూనె మేత, మూడింటికి ఇంకో నూనె మేత. తొట్టికి తొట్టికీ తేడా ఉంటుంది గనక ఒక్కొక్క తొట్టితో ఏమీ తేలదు. రొయ్యల సంఖ్య, మొదటి బరువు, గాలి, మేత వేసే వేళలు అన్నింటికీ ఒకటే ఉండాలి. నీరు ఆవిరైతే మంచినీళ్లే పోయండి. ఉప్పు ఆవిరి కాదు, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది. 8 వారాల తర్వాత తూచేటప్పుడు తలలు కూడా లెక్కపెట్టండి. గుల్ల విడిచిన రొయ్యను తోటివి పీక్కు తింటాయి. ఒక తొట్టిలో సగం చచ్చిపోతే మిగిలినవాటికి చోటు ఎక్కువై బాగా బరువెక్కుతాయి, చెడ్డ నూనె కూడా మంచిదిగా కనిపిస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య