ఫ్రెడరిక్ పుట్టినరోజు లెక్క

ప్రియమైన బన్నీకి, చిట్టితల్లికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నేను చూడమన్న ‘ద పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్’ సినిమాని అరగంట చూసి ఆపేశారని మీ అమ్మ చెప్పింది. సముద్రం గుడ్డ మీద రంగేసినట్టుందనీ, పాటలు పరుగెడుతున్నాయనీ, ఒక్క ముక్కా అర్థం కాలేదనీ అన్నారట. తప్పు మీది కాదు. ఎలా చూడాలో చెప్పకుండా చూడమన్నాను.

అది పుట్టింది నాటకంగా. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో గిల్బర్ట్ అనే ఆయన మాటలు, పాటలు రాస్తే, సలివన్ బాణీలు కట్టేవాడు. కడుపుబ్బ నవ్వించే సంగీత నాటకాలు వాళ్ళవి. మీరు చూసిన సినిమా 1983లో వచ్చింది. దానికి ముందు 1980 వేసవిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఈ నాటకాన్ని జనానికి ఉచితంగా ఆడారు. అది బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలలకు, వెళ్ళింది, ఆ తర్వాత అదే దర్శకుడు, విల్ఫర్డ్ లీచ్, ఇంగ్లండ్‌లో స్టూడియో సెట్ల మీద సినిమాగా తీశాడు. సముద్రం, కొండలు ఉత్తుత్తివని దాచాలని ఆయన అనుకోలేదు. చూస్తున్నది నాటకమని మనకు గుర్తుండాలి, అంతే.

ఇక కథ. నలభై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని కదా, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది మాటలతో ఆట. ఇందులో గొడవలన్నీ మాట దగ్గరే మొదలవుతాయి. కథానాయకుడు ఫ్రెడరిక్. వాడి చిన్నప్పుడు వాళ్ళ నాన్న, పిల్లాణ్ణి ఒక పైలట్ దగ్గర పనికి పెట్టమని ఆయాతో చెప్తాడు. పైలట్ అంటే విమానం నడిపేవాడు అనుకునేరు! అప్పటికి విమానాలు లేవు. ఓడలకు దారి చూపేవాణ్ణి పైలట్ అనేవారు. ఆయా రూత్‌కి చెవి సరిగ్గా వినపడదు. ఆమె చెవిలో అది ‘పైరేట్’ అయింది. తీసుకెళ్ళి సముద్రపు దొంగలకు అప్పజెప్పింది.

ఒప్పందం ప్రకారం ఇరవై ఒకటో పుట్టినరోజు దాకా వాడు దొంగల దగ్గర ఉండాలి. ఇరవై ఒక్కేళ్ళు నిండాయి, ఇంక స్వేచ్ఛ దొరికింది అనుకుంటాడు. అప్పుడు దొంగల రాజూ, రూత్ వచ్చి కాగితం చూపిస్తారు. అందులో ఉన్నది ‘ఇరవై ఒక్కేళ్ళు’ కాదు, ‘ఇరవై ఒకటో పుట్టినరోజు’. వాడేమో ఫిబ్రవరి 29న పుట్టాడు! పుట్టినరోజులు లెక్కిస్తే వాడికి ఇంకా ఐదే. గిల్బర్ట్ కొన్నాళ్ళు లాయరుగా పనిచేసినవాడు. కాగితం మీద ఒక్క మాట మనిషిని ఎలా కట్టిపడేస్తుందో ఆయనకు తెలుసు.

ఇరవై ఒకటో పుట్టినరోజు 1940లో వస్తుందని నాటకంలో ఉంది. పెన్సిల్ తీసి లెక్క కట్టండి. ఒక చిక్కుంది: 1900 నాలుగుతో భాగించబడినా లీపు సంవత్సరం కాదు. దాన్ని వదిలేస్తే ఫ్రెడరిక్ 1852లో పుట్టాలి. పొరపాటున కలిపేస్తే 1856లో. ఎలా చూసినా 1940 నాటికి వాడు ఎనభై దాటిన ముసలివాడు. వాణ్ణి ప్రేమించిన మేబెల్ అప్పటిదాకా ఎదురుచూస్తానని మాటిస్తుంది, చాలా కాలం కదా అని మాత్రం అంటుంది. అక్కడ నవ్వు వస్తుంది, వెంటనే సలివన్ బాణీ వింటే గుండె బరువెక్కుతుంది. ఆ రెండూ ఒకేసారి జరగడమే వీళ్ళ గొప్పతనం.

మీరు ఆపేసిన పాట మేజర్ జనరల్ అనే పాత్రది. జార్జ్ రోజ్ అనే నటుడు పాడాడు. ఆ జనరల్‌కు ఇంగ్లండ్ రాజుల పేర్లన్నీ వచ్చు, లెక్కలొచ్చు, చరిత్రలోని యుద్ధాల జాబితా వచ్చు. చివర్లో ఒప్పుకుంటాడు: సైన్యం గురించి మాత్రం పెద్దగా తెలియదు! ఆ చివరి చరణం కోసమే ముందు అంత హడావిడి. ఇంకోసారి అక్కడ ఆపి ఆపి వినండి.

దొంగలు అనాథలను ఏమీ చేయరు, ఎందుకంటే వాళ్ళూ అనాథలే. అది తెలిసి జనరల్ తానూ అనాథనని అబద్ధమాడతాడు. ‘ఆర్ఫన్’ అన్న మాటా, ‘తరచుగా’ అని అర్థమిచ్చే ‘ఆఫన్’ అన్న మాటా ఆనాటి లండన్ ఉచ్చారణలో దాదాపు ఒకేలా వినపడేవి. దాంతో జనరల్, దొంగల రాజు ఇద్దరూ చాలాసేపు తికమకపడతారు. తర్వాత దొంగలు పిల్లిలా చప్పుడు లేకుండా వస్తున్నామని గొంతు చించుకుని పాడుతూ, నేల అదిరేలా తొక్కుతారు. పోలీసుల సార్జెంట్‌గా టోనీ అజిటో నాట్యం తప్పకుండా చూడండి. కాళ్ళలో ఎముకలున్నాయా అనిపిస్తుంది. మోకాలు ఒకవైపు వంగితే పాదం ఇంకోవైపు జారుతుంది, మొహం మాత్రం పాపం భయంతో బిగుసుకుపోయి ఉంటుంది.

దొంగల కథే ఎందుకని అడుగుతారేమో. దీనికి ముందు గిల్బర్ట్, సలివన్ రాసిన నాటకాన్ని అమెరికాలో ఎందరో పైసా ఇవ్వకుండా ఆడేసి డబ్బు చేసుకున్నారు. విదేశీయుల రచనలకు అప్పట్లో అక్కడి చట్టంలో రక్షణ ఉండేది కాదు. అందుకే ఈసారి వాళ్ళే న్యూయార్క్ వెళ్ళి, 1879 డిసెంబరు 31న మొదటి ప్రదర్శన ఇచ్చారు. అంతకు ముందు రోజే, బ్రిటన్‌లో హక్కు పోకుండా, పేంటన్ అనే చిన్న ఊళ్ళో ఒకే ఒక్క ఆట వేయించారు. ఆ నటులు ఒక్క రిహార్సల్‌తో, కాగితాలు చేత్తో పట్టుకునే ఆడారు. సలివన్ టెన్షన్ ఇంకో రకం. మొదటి అంకం సంగీతం రాసుకున్న కాగితాలు ఇంగ్లండ్‌లోనే మరిచిపోయాడు. జ్ఞాపకం మీద మళ్ళీ రాశాడు!

శనివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఈలోగా సార్జెంట్ నాట్యం దాకా చూడండి. బన్నీ, ఫ్రెడరిక్ పుట్టినరోజులు ఒక్కొక్కటిగా రాసి, 1940 దాకా లెక్క కట్టి ఉంచు. నీ లెక్కలో 1852 వచ్చిందో, 1856 వచ్చిందో చెప్పాలి.

ప్రేమతో,
అమ్మమ్మ