సిగ్నల్ దగ్గర ఆగిపోయే ఇంజిను

సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు రోడ్డు మీద హుషారుగానే లాగుతుంది. విశాఖ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే మాత్రం ఆగిపోతుంది. అలాంటప్పుడు చాలామంది ప్లగ్గులు, కాయిళ్లు, పెట్రోలు పంపు వరసబెట్టి మార్పిస్తారు. చాలాసార్లు ఆ డబ్బు దండగే. పరుగులో బాగుండి నిలకడలో ఆగే ఇంజిను తన లోపమేమిటో సగం చెప్పేసినట్టే.

1200 సీసీ ఇంజిను ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నిమిషానికి 800 చుట్ల దగ్గర తిరిగేటప్పుడు, సెకనుకు రెండు గ్రాముల పైచిలుకు గాలి పీలుస్తుంది. ఫుల్ రేసులో అది 60 గ్రాములు దాటుతుంది. పగిలిన రబ్బరు పైపు నుంచి అర గ్రాము గాలి దొంగచాటుగా చొరబడితే పరుగులో తెలియనే తెలియదు. ఐడిలింగ్‌లో మాత్రం అది దాదాపు ఐదోవంతు! గ్రాము పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 గ్రాముల గాలి అన్న లెక్క అక్కడ తప్పుతుంది.

మొదట చూడాల్సింది థ్రాటిల్ బాడీ, అంటే ఇంజినులోకి వెళ్లే గాలిని అదుపుచేసే భాగం. ఐడిలింగ్‌లో గాలి లోపలికి వెళ్లేది బటర్‌ఫ్లై అనే, గాలిదారిని మూసి తెరిచే రేకు అంచున ఉండే వెంట్రుకవాసి సందులోంచే (పెడల్ నుంచి తీగతో ఆ రేకును లాగే పాత కేబుల్ మోడళ్లలో పక్కనున్న ఐడిల్ వాల్వ్ నుంచి కూడా). ఇంజిను లోపలి ఆయిల్ ఆవిరి అక్కడ నల్లటి జిగురుగా పేరుకుంటుంది. ఇంజిను కంప్యూటర్ కొంతవరకూ సర్దుకుంటుంది గానీ ఏసీ కంప్రెసర్ బరువు పడేసరికి తట్టుకోలేదు. మే నెల ఉక్కలో ఏసీ వేసినప్పుడే బండి ఆగుతోందంటే ముందు దీన్నే అనుమానించాలి. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, థ్రాటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును స్క్రూడ్రైవర్‌తో తోస్తే లోపలి గేర్లు దెబ్బతింటాయి. తుడిచాక ఐడిలింగ్ కొంతసేపు ఎక్కువగా ఉండొచ్చు. ఆ మోడల్‌కు చెప్పిన పద్ధతిలో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి.

గాలి లీకును పట్టడానికి, ఇంజిను కంప్యూటర్ అంకెలను చదివే ఓబీడీ స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) చూడండి. ఐడిలింగ్‌లో +20 శాతం ఉండి, 2500 చుట్ల దగ్గర సున్నాకు దిగితే అది గాలి లీకే. అలాకాక, రేసు పెంచేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు సరిగా అందట్లేదు: ఫిల్టరో, పంపో. ఒక్క తేడా ఉంది. గాలిని నేరుగా తూచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న బండి లీకుతో ఆగిపోతుంది. ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ బండిలో అదే లీకు ఐడిలింగ్‌ను పెంచుతుంది.

పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయించి, అయ్యాక ఆగిపోతోందా? ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజినులోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో చూడాలి. దాని కనెక్టర్ పీకి, ట్యాంకు వైపు పైపు ఊడదీసి, ఇంజిను తిరుగుతుండగా ఆ మూతికి వేలు అడ్డం పెట్టండి. వేలిని పీల్చిందంటే వాల్వ్ పోయినట్టే.

విశాఖలో ఇంకోటి తప్పక చూడాలి, మెకానిక్‌లు తరచూ వదిలేసేది: ఎర్త్ వైరు. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండ్లలో ఉప్పుగాలికి ఇంజిను నుంచి బాడీకి వెళ్లే పట్టీ బోల్టుల కింద తుప్పు పడుతుంది. ఇంజిను తిరుగుతుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిను బ్లాకుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టు దాటితే బోల్టులు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాలి.

ఇంజిను గాలిని పీల్చే బలాన్ని పాదరసం అంగుళాల్లో చూపే వ్యాక్యూమ్ గేజ్ ఉంటే, ఐడిలింగ్‌లో మన సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు నిలకడగా నిలవాలి. అదే కారు అరకులో సుమారు 3 అంగుళాలు తక్కువ చూపిస్తుంది, అది లోపం కాదు.

ఇంకా కొనకముందైతే, అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచకుండా చల్లటి ఇంజిను చూపించమని అడగండి. బాగా వేడెక్కి, ఏసీ ఆపి ఉన్నా ఐడిలింగ్ 1100 దగ్గరే నిలిచిందంటే, పాత కేబుల్ థ్రాటిల్ బండ్లలో స్టాప్ స్క్రూ తిప్పి ఈ జబ్బును కప్పిపెట్టి ఉండొచ్చు.