ల్యుకేమియా కణాలను ఎదిగించడం: అపోహలు - వాస్తవాలు

ప్రయోగశాలలో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలకు రసాయనాలు కలిపి వాటిని పరిణత కణాలుగా మార్చే పని చేస్తానని చెప్పగానే, వినేవారి నుంచి దాదాపు అవే ప్రశ్నలు వస్తుంటాయి. ఇంట్లో రోగి ఉన్నవారు అడిగితే ఆ ప్రశ్న వెనుక ఎంతో ఆశ ఉంటుంది. అందుకే జవాబులను కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: మందు తగిలిన క్యాన్సర్ కణం చనిపోవాలి, చనిపోకపోతే మందు పనిచేయనట్టే.

వాస్తవం: ఎముక మూలుగలో పుట్టిన తెల్ల రక్తకణం మెట్టు మెట్టుగా ఎదిగి, విభజన మానేసి, తన పని చేసుకుని కొద్ది రోజుల్లో రాలిపోతుంది. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో ఈ ఎదుగుదల మధ్యలో ఆగిపోవడంతో, పసికణం పసికణంగానే ఉండి విభజన చెందుతూ పోతుంది. ఆగిన ఆ ఎదుగుదలను రసాయనంతో తిరిగి కదిలించడమే విభేదన ప్రేరణ. 1971లో షార్లట్ ఫ్రెండ్ బృందం ఎలుక ల్యుకేమియా కణాలకు డీఎంఎస్ఓ అనే ద్రావణిని కలిపినప్పుడు అవి హీమోగ్లోబిన్ తయారుచేయసాగాయి. ఆ తరువాత, 36 ఏళ్ల మహిళా రోగి రక్తం నుంచి పెంచిన హెచ్ఎల్-60 అనే మానవ కణ శ్రేణిని (ప్రయోగశాలలో తరతరాలుగా పెరుగుతూ ఉండే కణాలను) 1977లో ప్రకటించారు. ఆ మరుసటి ఏడాదే డీఎంఎస్ఓ వాటినీ ఎదిగించగలదని తేలింది. ఎదిగిన కణం చివరికి చనిపోతుంది, కానీ విషం తగిలి కాదు, ఆయుష్షు తీరి.

అపోహ: ఏ రసాయనం వేసినా ఫలితం ఒకటే.

వాస్తవం: హెచ్ఎల్-60 కణాలకు 1.25 శాతం డీఎంఎస్ఓ కలిపి ఐదారు రోజులు ఉంచితే, గుండ్రంగా ఉన్న కేంద్రకం నొక్కుకుపోయి తమ్మెలుగా విడివడి, కణం న్యూట్రోఫిల్ (సూక్ష్మజీవులను మింగే తెల్ల రక్తకణం) పోలికలోకి వస్తుంది. విటమిన్ ఎ నుంచి ఏర్పడే రెటినోయిక్ ఆమ్లాన్ని ఒక మైక్రోమోలార్ గాఢతలో వేసినా దారి అదే. విటమిన్ డి చైతన్య రూపం వేస్తే కణం మోనోసైట్ అనే మరో రకం తెల్ల రక్తకణం వైపు మళ్లుతుంది. నేపాళం గింజల నూనె నుంచి మొదట వేరుచేసిన ఫార్బాల్ ఈస్టర్‌ను వేసి చూడండి: అంతవరకు ద్రవంలో తేలుతున్న కణాలు ఒకటి రెండు రోజుల్లోనే ఫ్లాస్కు అడుగుకు అతుక్కుని, కాళ్లు చాపినట్టు సాగి, కణజాలాల్లో ఉండే భక్షక కణాలైన మాక్రోఫేజ్‌లను తలపిస్తాయి. ఎలుక చర్మం మీద కణితులను ప్రోత్సహించే పదార్థం కూడా ఇదే కాబట్టి దీన్ని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

అపోహ: ఎన్‌బీటీ అనే రంగు మారే రసాయనంతో చేసే పరీక్షలో నీలం కనబడితే కణం పూర్తిగా న్యూట్రోఫిల్ అయినట్టే.

వాస్తవం: ఈ అపోహ బయటివారిది కాదు, మా రంగంలోకి కొత్తగా వచ్చే విద్యార్థులది. పసుపు రంగు ఎన్‌బీటీ ద్రావణంలో కణాలను వేసి, కొద్దిగా ఫార్బాల్ ఈస్టర్‌తో ప్రేరేపించి, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే, సూపర్‌ఆక్సైడ్ (సూక్ష్మజీవులను చంపడానికి వాడే చురుకైన ఆక్సిజన్ రూపం) తయారుచేయగల కణాల లోపల ముదురు నీలపు రేణువులు పేరుకుంటాయి. రెండు వందల కణాలు లెక్కపెట్టి శాతం రాసుకుంటాం. అయితే అది చెప్పేది సూపర్‌ఆక్సైడ్‌ను తయారుచేసే ఆక్సిడేజ్ ఎంజైమ్ వ్యవస్థ ఏర్పడిందని మాత్రమే. నీలంగా మారిన హెచ్ఎల్-60 కణాలలోనూ, సహజ న్యూట్రోఫిల్‌కు ఉండే లాక్టోఫెరిన్ వంటి ద్వితీయ కణికల (కణం లోపలి చిన్న సంచుల) ప్రోటీన్లు ఏర్పడవు. అందువల్ల కేంద్రకం ఆకారం, ఉపరితలం మీద సీడీ11బీ అనే పరిణతి గుర్తు ప్రోటీన్, విభజన ఆగిందా లేదా అన్నవి కూడా చూడనిదే ఫలితం రాయకూడదని నా పట్టుదల. మందు వేయని ఫ్లాస్కులో కూడా కొన్ని కణాలు వాటంతటవే నీలమవుతాయి, కనుక దాన్ని పక్కన పెట్టకుండా లెక్కించాలి. నా తొలి రోజుల్లో, ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచామో లెక్క రాసుకోని పాత కణాలతో మూడు వారాలు పనిచేశాను. రసాయనం పాడైందనుకుని కొత్త సీసా తెప్పించాక కూడా స్పందన అలాగే మందకొడిగా ఉంది. తక్కువ పాసేజ్ (తక్కువసార్లు మార్చి పెంచిన) కణాలను ద్రవ నత్రజని నుంచి బయటికి తీసి పెంచినప్పుడు గానీ నీలం తిరిగి రాలేదు.

అపోహ: హెచ్ఎల్-60 మీద పనిచేసింది కాబట్టి రెటినోయిక్ ఆమ్లం ల్యుకేమియాలన్నిటికీ మందు.

వాస్తవం: షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనంలో, మైలాయిడ్ ల్యుకేమియాలో ఒక రకమైన అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా ఉన్న 24 మంది రోగులకూ, రెటినోయిక్ ఆమ్లపు ఒక రూపమైన ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లంతో వ్యాధి పూర్తిగా ఉపశమించింది. ఈ రకంలో 15, 17 క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకోవడం వల్ల పీఎంఎల్-రారా అనే సంకర ప్రోటీన్ పుట్టి ఎదుగుదలను అడ్డుకుంటుంది. మందు ఆ అడ్డును తొలగిస్తుంది. హెచ్ఎల్-60ని కూడా మొదట ఈ రకమనే భావించారు గానీ, వాటిలో ఆ మార్పిడి లేదు. అవి రెటినోయిక్ ఆమ్లాన్ని పట్టుకునే తమ సహజ గ్రాహక ప్రోటీన్ ద్వారానే స్పందిస్తాయి. మార్పిడి ఉన్న ఎన్‌బీ4 కణాలు 1991లో అందుబాటులోకి వచ్చాయి, ఈ వ్యాధిని అధ్యయనం చేయాలంటే అవే సరైనవి. తక్కిన మైలాయిడ్ ల్యుకేమియాలలో ఈ మందు ఒంటరిగా అలాంటి ఫలితం చూపలేదు. ప్రోమైలోసైటిక్ రకంలో కూడా ఉపశమనం నిలబడాలంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ గానీ కీమోథెరపీ గానీ తోడు కావాలి. చికిత్స మొదలైన తొలి వారాల్లో జ్వరం, ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటి విభేదన సిండ్రోమ్ లక్షణాలు ప్రాణాంతకం కావచ్చు. అందుకే అవి కనబడగానే వైద్యులు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను వెంటనే మొదలుపెడతారు.

అపోహ: అలాగైతే విటమిన్ ఎ, డి గుళికలు మింగితే చాలు.

వాస్తవం: చాలదు, హాని కూడా కలుగుతుంది. విటమిన్ ఎ గుళిక, చికిత్సలో వాడే రెటినోయిక్ ఆమ్లం ఒకటి కావు. ఇక విటమిన్ డి సంగతి: ఫ్లాస్కులో మేం వాడే 100 నానోమోలార్ గాఢత, ఆరోగ్యవంతుడి రక్తంలో ఉండే చైతన్య రూపం కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. శరీరంలో ఆ స్థాయికి చేరడానికి చాలా ముందే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగిపోతుంది.