అపోహలు - వాస్తవాలు: క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే గెలిపిస్తాడా?

డాలస్ శివార్లలో మిడిల్ స్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతాను. బడి అయ్యాక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆఫెన్సివ్ లైన్ బాధ్యత నాది. అంటే బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు ముందు గోడలా నిలబడి కాచే ఐదుగురు. ఎవరికి ఏ పొజిషనో చెప్పిన రోజు నుంచి మన తెలుగు తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి.

అపోహ: క్వార్టర్‌బ్యాక్ గొప్పవాడైతే మిగతా పదిమంది ఎవరైనా ఒకటే.

వాస్తవం: పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను మించినవాడు ఎవరున్నారు? 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్‌లో) ఆయనకు రెండు వైపులా కాయాల్సిన టాకిల్స్, ఫిషర్, ష్వార్జ్, ఇద్దరూ గాయాలతో ఆడలేదు. ఆట మొత్తం ఆయన తప్పించుకుంటూ పరుగెత్తడమే. టంపా బే 31-9తో గెలిచింది. కాన్సస్ సిటీకి ఒక్క టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోరు) కూడా లేదు. ఆయన చెయ్యి రెండు వారాల్లో పాడైపోయిందా? ఆ జట్టు అలా అనుకోలేదు. తర్వాతి సీజన్‌కు లైన్‌లో ఐదుగురినీ కొత్తవాళ్లను దింపింది. 2023 ఫిబ్రవరిలో ఆ సీజన్‌లో 70 శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసిరేలోపే పడగొట్టడం) చేసిన ఫిలడెల్ఫియా మీద ఒక్క శాక్ కూడా ఇవ్వకుండా 38-35తో గెలిచింది. మహోమ్స్ ఆరోజు చీలమండ నొప్పితోనే ఆడాడు.

అదే ఫిలడెల్ఫియా 2025 సూపర్ బౌల్‌లో ఆయన్ను ఆరుసార్లు పడగొట్టి కప్పు తీసుకుపోయింది. మనిషి మారలేదు, ముందు నిలబడ్డ గోడ మారింది.

మన టెక్సస్ సంగతే చూడండి. 2002లో హ్యూస్టన్ కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి పిక్‌గా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్ ఆ ఒక్క సీజన్‌లో 76 శాక్‌లు తిన్నాడు. "వాడికి రాదు" అని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక తండ్రి వచ్చి, "సార్, మావాడు బంతి బాగా విసురుతాడు. లావుగా ఉన్నాడని లైన్‌లో పడేశారా?" అన్నారు. ఆయన గొంతు వణికింది. ఆయన తప్పేం లేదు. మనం చాలామందిమి ఈ ఆటను టీవీలో చూసి నేర్చుకున్నాం, కెమెరా ఏమో బంతి వెంటే పోతుంది. మ్యాచ్ వీడియో పెట్టి, బంతిని వదిలేసి మీవాణ్ణే చూడండి అన్నాను. కుడిచేత్తో విసిరే పిల్లాడి వీపు ఎడమవైపు ఉంటుంది, అటు నుంచి వచ్చేవాడు వాడికి కనిపించడు. అక్కడ కాచేది వీళ్లబ్బాయే, లెఫ్ట్ టాకిల్. నమ్మకమైన పిల్లాడికే ఆ చోటు ఇస్తాం. ఆయన అదే ఆటను మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశారు. ఆ తర్వాత ప్రైవేటు త్రోయింగ్ కోచింగ్ మాన్పించారు, వాడికి కావాల్సింది అడుగుల సాధన.

అపోహ: లైన్‌లో ఎవర్ని నిలబెట్టినా మంచి క్వార్టర్‌బ్యాక్ ఆడేస్తాడు.

వాస్తవం: కాదు. 2022 జనవరిలో టెనెసీ మీద సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బర్రో తొమ్మిది శాక్‌లు తిని కూడా గెలిచాడు. కానీ తర్వాతి నెల సూపర్ బౌల్‌లో ఏడు శాక్‌లు పడ్డాయి, సిన్సినాటి ఓడింది.

అపోహ: ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో (నడుముకున్న జెండా లాగి ఆపే ఆటలో) ఇరగదీశాడు, ఇక్కడా అంతే.

వాస్తవం: 2028 ఒలింపిక్స్‌లో పెడుతున్న ఐదుగురి ఫ్లాగ్‌లో లైన్‌మెన్ ఉండరు, మీదపడి పడగొట్టడమూ ఉండదు. అక్కణ్ణుంచి వచ్చిన పిల్లాడికి పాకెట్‌లో, అంటే లైన్ చుట్టూ కాచే చోట, నిలబడటం కొత్త. మొదటి సీజన్ వాడి గణాంకాలు చూసి దిగులు పడకండి. ఎన్ని పాస్‌లు పోయాయని కాకుండా, విసిరే ముందు ఎంత సమయం దొరికిందని కోచ్‌ను అడగండి.