చెంగ్డూలో వడ్డన

చిరంజీవి బుజ్జికి, తాతయ్య ఆశీస్సులు.

“అక్క చైనాలో చదువు మానుకుని పన్నెండు రోజులు ఊరికే పనిచేసిందట, రూపాయి కూడా ఇవ్వలేదట. మరి ఎందుకు చేసినట్టు?” అని అడిగావు.

మీ బాబాయి పెళ్లి గుర్తుందా? సాంబారు బకెట్టుతో బంతుల మధ్య పరిగెత్తిన మీ నాన్నకి ఎవరైనా జీతం ఇచ్చారా? ఇప్పుడంటే క్యాటరింగులొచ్చాయి గానీ, మా రోజుల్లో వడ్డన అంటే ఇంటి కుర్రాళ్లదే. చెంగ్డూలో 2023 జులై 28 నుంచి ఆగస్టు 8 దాకా జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడలు అలాంటి పెళ్లే. 2021లో జరగాల్సింది, కరోనా వల్ల ముహూర్తం వాయిదా పడింది. ఆటగాళ్లు మగపెళ్లివారు. ఎవరి బస్సు ఎక్కడుందో, భోజనం ఎటువైపో చూపించడం అక్కవాళ్ల పని. అక్కడ వాలంటీర్లని ముద్దుగా ‘చిన్న పచ్చిమిరపకాయలు’ అన్నారట. కారం తినడంలో ఆ ఊరివాళ్లు మనకేం తీసిపోరు. సరే, పెళ్లిలో రిఫరీ ఎవరంటే పురోహితుడనుకో. మరి ఓడిపోయేదెవరు? ఇక్కడ నా పోలిక తెగిపోయింది, వదిలేద్దాం.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఆ క్రీడల్లోనే వంద మీటర్ల హర్డిల్స్‌ని 12.78 సెకన్లలో దాటి, జాతీయ రికార్డుతో కాంస్యం తెచ్చింది. లేనుకి పది హర్డిల్స్. ఎనిమిది లేన్లయితే ఎనభై. అవన్నీ కొలిచి పెట్టాలి, పరుగు అవగానే తీసేయాలి. జ్యోతి ఫోటో పేపర్లో చూశాను. వాటిని మోసినవాళ్ల ఫోటో ఎక్కడా కనబడలేదు.

అక్క ఓ ఖాళీ రోజున దగ్గర్లోని దూజియాంగ్‌యాన్ అనే పాతకాలపు సాగునీటి కట్టడం చూసొచ్చింది. నాకు ఎక్కువ నచ్చిన కబురు అదే. 2,200 ఏళ్లకి పైనే అయింది, లీ బింగ్ అనే అధికారి మిన్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. నది మధ్యలో చేప మూతిలాంటి గట్టు వేసి, నీటిని రెండు పాయలు చేశాడు. లోపలి పాయ పొలాలకి, బయటిది వరదకి. ఈనాటికీ ఆ పొలాలకి నీళ్లందుతున్నాయి! మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. దాని ముందు మనది నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల.

అన్నాళ్లు ఎలా పారిందంటావా? పూడిక తీస్తూ వచ్చారు. ఎంత లోతు తవ్వాలో తెలియడానికి అడుగున ఇనుప కడ్డీలు పాతారట. అవి కనబడేదాకా తవ్వాలి.

మా చిన్నప్పుడు వేసవిలో కాలువ కట్టేసేవారు. పెద్దవాళ్లు పారా తట్టా పట్టుకుని దిగితే, మేం గుంటల్లో మట్టగిడసల కోసం దిగేవాళ్లం. ఓసారి మా నాన్న నా చేతిలో చేపలు లాక్కుని తట్ట పెట్టాడు. ఏడ్చాను. జూన్‌లో నీళ్లొచ్చినప్పుడు మాత్రం, “నేను తవ్విన చోటు” అని ఊరంతా చెప్పుకు తిరిగాను. అక్క ఫోన్లో మాట్లాడుతుంటే నాకు ఆ గొంతే వినబడింది.

వేసవి సెలవులకి రా. కాలువ కట్టేశాక లాకుల కిందికి దిగుదాం. పాత చెప్పులు తెచ్చుకో.

మీ తాతయ్య