ఆపిల్‌కు సున్నం కొట్టడం

తిరుచానూరు రోడ్డులో పండ్ల బండి దగ్గర నా పాత శిష్యురాలు ఒకమ్మాయి నన్ను ఆపి అడిగింది. "సార్, కాశ్మీరులో సెప్టెంబర్, అక్టోబర్లలో కోసే ఆపిల్ మనకు ఏప్రిల్లో కూడా కరకరలాడుతోందే, మైనం పూస్తారనా?"

మైనం తేమను పోనివ్వదు, మెరుపు తెస్తుంది, అంతే. చల్లటి గదుల్లో ఆక్సిజన్ తగ్గించి దాచే సంగతి అందరూ రాసేదే, వదిలేస్తున్నా. నన్ను పట్టుకున్నది అంతకు ముందరి పని. కాయ ఇంకా చెట్టు మీదున్నప్పుడే తోటల్లో కాల్షియం క్లోరైడ్ నీళ్ళు కొడతారు.

బూడిదగుమ్మడితో పేఠా మిఠాయి చేసేవాళ్ళను చూశారా? ముక్కలకు పొడుపులు పెట్టి, సున్నపు తేటలో గంటల తరబడి నానబెడతారు. ఆ పని ఎగ్గొట్టి నేరుగా పాకంలో వేస్తే ముక్క కాస్తా గుజ్జయిపోతుంది. సున్నంలో ఉన్నది కాల్షియమే. (ముప్పై ఏళ్ళు పిల్లల చేత "కాల్షియం: ఎముకలు, పళ్ళు" అని రాయించాను. మొక్కకు ఎముకలేవి సార్ అని ఒక్కరూ అడగలేదు. అడగనిచ్చే తీరులో నేను చెప్పలేదేమో.)

కాయలో కణానికీ కణానికీ మధ్య జిగురు పెక్టిన్. గాలక్ట్యూరోనిక్ ఆమ్లపు అణువులను దండ గుచ్చినట్టు ఉంటుంది. దండ పొడవునా రుణావేశమున్న కార్బాక్సిల్ సమూహాలు. రెండు దండలు పక్కపక్కన చేరితే వికర్షించుకోవాలి. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు గనక ఒక చేత్తో ఈ దండను, ఇంకో చేత్తో ఆ దండను పట్టుకుంటుంది. అలా వరసగా, చొక్కాకు గుండీలు పెట్టినట్టు. సోడియానికి ఉన్నది ఒకే చెయ్యి, గుండీ పడదు. పండే వేళ పాలీగాలక్ట్యురోనేజ్ అనే ఎంజైము దండలు తెంచడానికి వస్తుంది. గుండీలు బిగిసిన చోట దాని కత్తెర సులువుగా దూరదు. చంద్రగిరి రాజమహల్ కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే నిలబడింది చూడండి! అయితే అక్కడ సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి. పోలికను అంతకంటే లాగను.

మరి ఎరువులా చెట్టు మొదట్లో వేస్తే పోదా? పోదు. కాల్షియం వేరు నుంచి నీటితో పాటే ఎక్కుతుంది, నీరు ఎక్కువగా ఆవిరయ్యే ఆకుల్లోకే చేరుతుంది. చక్కెరను మోసే ఫ్లోయంలో అది దాదాపు కదలదు గనక ఆకు నుంచి కాయకు తిరిగి రాదు. పైగా కాయ ఊరేకొద్దీ అందులోని నీటి నాళాలు పనిచేయడం మానేస్తాయి. అందుకే మందు కాయ ఒంటి మీదే పడాలి, అదీ పలుమార్లు, లీటరుకు నాలుగైదు గ్రాముల చొప్పున. మోతాదు మించినా, మండుటెండలో కొట్టినా ఆకులు మాడతాయి.

కాల్షియం చాలని కాయకు కోల్డ్ స్టోరేజీలో తొక్క కింద బెండులాంటి గోధుమరంగు చేదు మచ్చలు లేస్తాయి, ముఖ్యంగా తొడిమకు ఎదురు కొసన. మదనపల్లె టమాటా రైతులకు దీని తోబుట్టువు బాగా తెలుసు: కాయ అడుగు నల్లబడే జబ్బు. ఆపిల్ మరీ పెద్దదైతే ఉన్న కాస్త కాల్షియమూ పలచబడుతుంది. మనం ఏరుకునేవి సరిగ్గా అవే.

నిలవ మాట వచ్చింది గనక ఇంకొకటి. గుమ్మానికి కట్టిన బూడిదగుమ్మడి కుళ్ళితే "దిష్టంతా లాగేసుకుంది" అంటారు. నెలలు నిలిచినన్నాళ్ళూ దాన్ని కాచింది ఆ మైనపు బూడిద, గట్టి తొక్క. ఎక్కడో గీరుకుపోయింది, బూజు దూరింది.

మళ్ళీ ఆపిల్‌కు వస్తే, కోతకు ముందు కొట్టేవి ఇంకో రెండున్నాయి. మామిడిని గడ్డిలో మగ్గబెట్టేది కాయ వదిలే, కాయను పండించే ఎథిలీన్ వాయువు చుట్టూ నిలవడానికి కదా, ఇవి దానికి తలకిందులు. ఏవీజీ అనే మందు ఏసీసీ సింథేజ్ ఎంజైమును ఆపి ఎథిలీన్‌ను తయారుకానివ్వదు. రెండో మందు 1-ఎంసీపీ అయితే కాయ కణాల్లో ఎథిలీన్ కూర్చోవాల్సిన పీటలో (గ్రాహకంలో) తానే కూర్చుని లేవదు. దాని గుణం పసిగట్టింది అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ అనే శాస్త్రవేత్తలు.

ఇదంతా విని నా శిష్యురాలు చేతిలోని పెద్ద కాయలను బండిలో పెట్టేసి, మధ్యరకంవి నాలుగు ఏరుకుంది. బండాయన మాత్రం నా వైపు చూసి, "ఇంక పాఠం చాలు సామీ, పొండి" అన్నాడు.